అటు తిరిగిన పులి

నా చిన్నప్పుడు సూరత్‌లో మేముండే వరస గదుల గోడలకు సున్నం వేసిన వారానికే నా బొగ్గుముక్క తగిలేది. పద్నాలుగు గదులు, అందరికీ ఒకటే నల్లా. అన్నీ కరీంనగర్ వైపు నుంచి మగ్గాల మీద పనికి వచ్చిన పద్మశాలి కుటుంబాలే. దగ్గర్లో బడి ఉండేది కానీ అది గుజరాతీ బడి. పంతులు చెప్పే ఒక్క ముక్కా అర్థం కాక వారం రోజులు కూర్చున్నాను. ఎనిమిదో రోజు నుంచి బాపుకు కార్ఖానాకు సద్ది మోసే పనిలో కుదిరిపోయాను. అంతటితో నా చదువు పూర్తయింది. తర్వాత నేర్చుకున్నదంతా పొట్లాల కాగితాల మీదా, దుకాణాల బోర్డుల మీదా నేర్చుకున్నదే. నేర్పినవాడు లేడు కాబట్టి ఎవరికీ దండం పెట్టాల్సిన అవసరం రాలేదు, ఒక్కాయనకు తప్ప. ఆయన నాకు అక్షరం నేర్పలేదు. నువ్వు బొమ్మలు రాసేవాడివి కావు అని మొహం మీద చెప్పాడు. ఆయన గురించే ఇది రాస్తున్నాను.

సూరత్‌లో దీపావళికి మగ్గాలన్నీ ఆగుతాయి. ఏడాది పొడుగునా చెవుల్లో కొట్టుకునే చప్పుడు ఒక్కసారిగా ఆగిపోతే, మొదటి రోజు పెద్దవాళ్లు అలవాటుకొద్దీ అరుచుకుంటూనే మాట్లాడేవారు. రెండో రోజుకు గానీ గొంతులు కిందికి దిగేవి కావు. అట్లాంటి ఒక దీపావళి సెలవుల్లో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఊరి నుంచి పటం తాత రైలెక్కి వచ్చాడు.

బట్ట మీద వేసిన బొమ్మలు చూపిస్తూ మా కులపు కథ చెప్పడం ఆయన ఇంటివాళ్ల వంతు. వాళ్లు చెప్పాలి, మేం వినాలి. ఎన్ని తరాల నుంచో అంతే. కానీ ఊళ్లో వినేవాళ్ల ఇళ్లకు ఒక్కొక్కటిగా తాళాలు పడ్డాయి. వినేవాళ్లు సూరత్‌కు పోతే చెప్పేవాడు ఊళ్లో కూర్చుని ఏం చేస్తాడు? చాప చుట్టలా చుట్టిన పటం భుజాన వేసుకుని, మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. మనిషి బక్కగా, ఎండు తుమ్మకొమ్మలా ఉండేవాడు. గొంతు మాత్రం కార్ఖానా సైరన్‌కు సాటి వచ్చేది.

కార్ఖానా ముందు ఖాళీ జాగాలో రెండు గుంజలు పాతి పటం వేలాడదీశారు. ధోవతి వెడల్పు బట్ట. విప్పుకుంటూ పోతే మా వరస గదులంత పొడుగు వచ్చేది. ఎర్రటి నేల మీద వరసలు వరసలుగా మనుషులు, చెట్లు, గుర్రాలు. అవి నకాషీలు రాసిన బొమ్మలు. ఆ పని ఆ ఇళ్లవాళ్లదే, ఇంకొకరు చెయ్యరు. అన్నీ రాశాక చివర కళ్లు పెడతారట. కళ్లు పెట్టాక అది బట్ట కాదు, దేవుడు. టెంకాయ కొట్టి, దీపం పెట్టి విప్పుతారు. చెప్పే ఆయన తప్ప ఎవరూ ముట్టకూడదు. ముట్టితే మైలపడినట్టే.

మొదటి రోజు పగలు భోజనాలయ్యాక కథ మొదలైంది. మా మూలపురుషుడు నార కోసం అడవిలోకి పోయే ఘట్టం దాకా వచ్చింది. పటం తాత చేతికర్రతో ఆయన పాదాలు చూపించాడు, పొదలు చూపించాడు, పొద మీద పిట్టను చూపించాడు. తర్వాత కర్రను మెల్లగా కుడివైపు అంచుకు జరిపి, గొంతు సగానికి తగ్గించాడు.

"అగో, వచ్చింది. కదలకుండ్రి. మిమ్ములను గూడ చూస్తున్నది."

పులి వచ్చింది. నేను కళ్లారా చూశాను. నా పక్కనున్న పిల్లలందరూ చూశారు. అక్కడికి ఆపి, మిగిలింది రేపు అని ఆయన దీపం కొండెక్కించాడు. ఇళ్లకు పోతూ పిల్లలం కొట్టుకున్నంత పని చేశాం. పసుపుదని ఒకడు, నల్లదని ఒకడు. మగ్గమంత పెద్దదని నేను. పక్క గది అక్క అయితే దాని కోరకు బట్టపేలిక చిక్కుకుని ఉండటం కూడా చూసింది.

ఎవరి మాట నిజమో తేల్చుకుందామని నేను వెనక్కి పరుగెత్తాను. పటం ఇంకా చుట్టలేదు. దగ్గరికి పోయి చూస్తే కుడివైపు మూల జానెడు వెడల్పున తెల్లగా ఉంది. ఊళ్లోనో, రైల్లోనో ఎలుక కొరికేసింది. వెనక నుంచి కోరాబట్ట ముక్క అతికించాడు. పులి లేదు. పొద అంచు, ఆ తర్వాత తెల్లబట్ట. అంతే.

అప్పుడు నాకు కోపం రాలేదు. జాలి కలిగింది. పాపం, ఈ ముసలాయనకు పులి లేదు, నాకు పులి గీయడం వచ్చు అనుకున్నాను. నిజంగానే వచ్చు. ఆ ఏడు బాపు మగ్గం మీద వేట అంచు చీరలు నడుస్తున్నాయి. అంచు పొడుగునా ఏనుగు, జింక, పులి. రోజూ సద్ది పట్టుకుపోయి, బాపు తినేదాకా ఆ పులినే చూస్తూ నిలబడేవాణ్ని. కళ్లు మూసుకుని కూడా గీయగలను.

మరునాడు పొద్దున పెద్దలంతా నల్లా దగ్గర స్నానాల వంతు కోసం తగువులాడుకుంటున్నారు. తెగిన పోగులు చీపురుపుల్లకు కుచ్చుగా కట్టుకున్నాను. రంగులద్దే ఇంటి మోరీ దగ్గర మిగిలిన పసుపు రంగు చిప్పలో పట్టుకొచ్చాను. మా అవ్వ పొయ్యి మసి గీరుకున్నాను. పటం తాత చుట్ట కాల్చుకోవడానికి వీధి చివరికి పోయి ఉన్నాడు. పటం చుట్ట మంచం మీద ఉంది. విప్పాను, గీశాను, ఊది ఆరబెట్టాను. కళ్లు ఆఖరునే పెట్టాను. అంత మర్యాద నాకూ తెలుసు.

పగలు మళ్లీ అందరూ కూర్చున్నారు. ముందు వరసలో కులపెద్ద, పక్కన బాపు. టెంకాయ కొట్టారు. నిన్న ఆగిన చోటి నుంచే ఎత్తుకోవాలి గనుక పటం తాత సరిగ్గా ఆ వరస విప్పి, కర్ర ఎత్తి, గొంతు తగ్గించి, కర్ర అంచుకు తెచ్చి ఆగిపోయాడు.

నా పులి అక్కడుంది. పక్కనున్న మనుషుల బొమ్మలతో పోలిస్తే పిల్లికి రెండింతలు అనిపిస్తుంది, అంతే. మొహం అటు, పిరుదులు మా మూలపురుషుడి వైపు.

ముందుగా నవ్వింది పక్క గది అక్కే. "పులి ఉరుకుతుందిరో! తాతను జూసి భయపడ్డది!" దాంతో పిల్లలంతా అందుకున్నారు. "గిదేనా పులి? నిన్నటిది మస్తు పెద్దగుండె." "నిన్నటిదేదిరా, నిన్నటిది?" ఒక చిన్నపిల్ల ఏడుపు కూడా మొదలుపెట్టింది. కులపెద్ద కళ్లద్దాలు సర్దుకుని, "ఏందయ్యా గిది? నిన్న గిట్ల లేకుండె గద?" అన్నాడు.

నేను చేసిందేమిటో అప్పుడు తెలిసింది. ఎవరో ముట్టారని తేలితే పటం మైలపడిందంటారు. ఈ వాడలోనే కాదు, సూరత్‌లో మా వాళ్లున్న ఏ వాడలోనూ ఆ పటం ఇక విప్పనివ్వరు. అంత దూరం నుంచి వచ్చిన మనిషి ఉత్త చేతులతో రైలెక్కాలి. బాపు నలుగురిలో తల దించుకోవాలి. పటం తాత కళ్లు పిల్లల మీద ఒక్కొక్కరిగా తిరుగుతూ వచ్చి నా చేతుల మీద ఆగాయి. వేళ్ల సందుల్లో పసుపు రంగు పోలేదు.

ఒక్క మాట అంటే అయిపోయేది. ఆయన అనలేదు. పిల్లలతో కలిసి తనూ నవ్వాడు.

"నవ్వుండ్రి, నవ్వుండ్రి. పిల్లను జూసి నవ్వుతున్రు. గిది పిల్ల. దాని మూతి ఎటున్నదో చూసిన్రా? తల్లిని పిలువవోతున్నది."

అని, కర్రను నా పులి మూతి మీది నుంచి కుడివైపుకు జరిపాడు. పటం అంచు దాటింది. గుంజ దాటింది. గాలిలో అట్లాగే పోయి, మూసి ఉన్న కార్ఖానా తలుపు వైపు చూపిస్తూ ఆగింది. ఆ తలుపు వెనక నలభై మగ్గాలు చప్పుడు లేకుండా చీకట్లో ఉన్నాయి. ఎవరూ నవ్వలేదు. పక్క గది అక్క తన తమ్ముణ్ని ఒళ్లోకి లాక్కుంది. కులపెద్ద సైతం ఒకసారి ఆ తలుపు వైపు చూసి సర్దుకుని కూర్చున్నాడు. ఆ పులిపిల్లను గీసినవాణ్ని నేనే, అయినా నాకూ ఒళ్లు జలదరించింది.

కథ అయ్యాక పటం చుడుతూ నన్ను పిలిచాడు. కొడతాడనుకున్నాను. చెయ్యి చూపించమని, నా వేళ్లకున్న పసుపును తన పంచె కొంగుతో తుడిచాడు.

"మీ బాపు మగ్గం మీద పులి గిట్లనే అటు తిరిగి ఉంటదారా?"

"గట్లనే ఉంటది తాతా."

"చీర కోసినంక తిప్పి చూసినవా ఎన్నడన్న?"

చూడలేదు. ఆ చీర మంచి వైపు కిందికి ఉండేలా నేసేవారు. మగ్గం పక్కన నిలబడ్డవాడికి కనబడేది తిరగవైపే. అటు చూసే పులి, తిప్పితే ఇటు చూస్తుంది. కోసిన చీర కోసినట్టే సేఠ్ గోదాముకు పోయేది. ఇన్ని చీరలు నేసిన ఇంట్లో పుట్టి, చీర మంచి వైపు ఎట్లా ఉంటుందో నేనెరుగను. మా వాళ్లెవరూ పెద్దగా ఎరుగరు. పటం తాత చుట్టిన పటానికి తాడు బిగించాడు.

తర్వాత అన్నాడు. "నిన్న ఈడ ఎంతమంది పిల్లలుంటె అన్ని పులులుండె. నువ్వు ఒక్కదాన్ని తెచ్చి అన్నిటిని సంపినవ్ కొడుకా. పాపం, మంచికే చేసినవ్."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూనే, నేను పెద్దయ్యాక పటాలు రాసేవాణ్ని అవుతానన్నాను. పిల్లలకు చూపించేవి రాస్తానన్నాను.

"కావు," అన్నాడు. మెత్తగా అనలేదు. "రాసేటోళ్లు రాస్తరు, చెప్పేటోళ్లు చెప్తరు. మీరు నేస్తరు, వింటరు. నేను గూడ నీ అంతున్నప్పుడు మా అయ్యను అడిగిన, బొమ్మలు రాస్త అని. గిదే చెప్పిండు."

లేచిపోతూ మళ్లీ వెనక్కి తిరిగి, "పిల్ల మాత్రం మంచిగున్నది. ఉండనియ్," అన్నాడు.

ఆ పసుపు రంగును ఆయన గీకేయలేదు. ఆ తర్వాత మూడు దీపావళులు వచ్చాడు. మూడుసార్లూ నా పులిపిల్ల అక్కడే ఉంది, మూడుసార్లూ కర్ర గుంజ దాటి తలుపు వైపు పోయింది. నాలుగో ఏడు రాలేదు. పటం పూర్తిగా చినిగిందనీ, పూజ చేసి గోదాట్లో కలిపారనీ ఎవరో చెప్పారు. నలుగురు పిల్లలు కూర్చుని చూసిన నా బొమ్మ ఈ జన్మలో అదొక్కటే. అది గోదావరిలో కరిగింది.

ఆ తర్వాత అరవై ఏళ్లు నా బొమ్మకు చోటు చూపించినవాడు లేడు. ముప్పై ఏళ్లు మగ్గం. ఆపైన, చీర మీద పువ్వు ఎక్కడ రావాలో చూసి మగ్గపు అట్టలకు రంధ్రాలు కొట్టే పని. గళ్ల కాగితం మీద నేను గీసిన మామిడిపిందెలు, నెమళ్లు ఎంతమంది ఆడవాళ్లు పెళ్లిళ్లకు కట్టుకున్నారో నాకు తెలియదు. కింద గీసినవాడి పేరు ఎక్కడా ఉండదు. చీరకు సంతకమేమిటి అని నవ్వేవారు. ఎందుకుండకూడదో ఒక్కడూ చెప్పలేదు.

ఇక కరోనా వచ్చిన మొదటి ఏడు. దీపావళి కాకుండానే మగ్గాలు ఆగాయి. సూరత్‌లోనే బమ్రోలి వాడలో, మా గల్లీలో సగం గదులకు తాళాలు పడ్డాయి. ఊళ్లకు నడిచిపోయినవాళ్లు ఎట్లా పోయారో అందరికీ తెలుసు, వాళ్లను ఆపి అడిగిన నాథుడు లేడు. మా ఇంట్లో నేను, కొడుకు, కోడలు, రెండో తరగతి చదివే మనవరాలు మిగిలాం. బడి ఫోనులోకి వచ్చింది. ఇంట్లో ఉన్న ఫోను ఒక్కటే. అది పిల్ల చేతికిస్తే కొడుక్కి పని పిలుపు తప్పుతుంది, కొడుకు చేతిలో ఉంటే పిల్లకు బడి తప్పుతుంది. బడే తప్పింది. నాకు అరవై ఏళ్ల కింద తప్పిన బడి దానికీ తప్పింది. మధ్యలో ఎన్ని ప్రభుత్వాలు మారాయో నాకు తెలుసు. చెప్పుకుంటూ పోతే నోరు నొప్పి పెడుతుంది.

నా మనవరాలికి మాట తెలుగు, అక్షరం గుజరాతీ, పోట్లాట హిందీ. ఏ భాషలో పుస్తకం కొనాలన్నా కొట్లు తెరవలేదు. కాబట్టి అక్షరం లేని పుస్తకం చేద్దామనుకున్నాను. పాత మగ్గపు అట్టలు నా దగ్గర దొంతరలుగా ఉన్నాయి. వాటి మీద కాగితం అతికించి పన్నెండు బొమ్మలు మొదలుపెట్టాను. తప్పిపోయిన పులిపిల్ల, మూసేసిన సూరత్‌లో తల్లిని వెతుక్కుంటూ పోతుంది. ఆగిన మగ్గాల కింద దూరుతుంది, తాపీ నది వంతెన దాటుతుంది, ఊరి బయట బార్డోలీ చెరకుతోటల్లో పడుకుంటుంది. పదకొండో బొమ్మలో మెడ ఎత్తి కాగితం అంచు బయటికి చూస్తుంది. పన్నెండోది తెల్లకాగితం.

మనవరాలు ఆ తెల్లకాగితాన్ని చాలాసేపు చూసింది. తర్వాత నా చెవి దగ్గర నోరు పెట్టి, "తాతా, దీని మమ్మీ బహుత్ పెద్దగున్నది," అంది.

"ఎట్లున్నదే?"

"లాల్ సాడీ కట్టుకున్నది. దాని తోక మీద కూడా సాడీ ఉంది."

అరవై ఏళ్ల తర్వాత నాకొక పులి దొరికింది. నేను గీయనిది, ఎర్రచీర కట్టుకున్నది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆశ అనేది ముసలితనంలో కూడా సిగ్గు లేకుండా వస్తుంది. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసేవాళ్లు కావాలని ఒక ప్రచురణ సంస్థ వాళ్లు రాసింది కొడుకు ఫోనులో చూశాడు. బొమ్మల ఫొటోలు పంపాడు. నెల తర్వాత ఒక ఎడిటరమ్మ ఫోను చేసింది. మర్యాదగానే మాట్లాడింది. పులిపిల్ల నడక చాలా బాగుందంది. బొమ్మలు ఎక్కడ నేర్చుకున్నారు సార్ అని అడిగింది. కార్ఖానాలో అన్నాను. తర్వాత, చివరి పేజీ ఖాళీగా వచ్చింది, ఫొటో సరిగ్గా ఎక్కలేదా అంది.

పటం తాత సంగతి అంతా చెప్పాను. ఓపికగా విన్నది. "కథ చాలా బాగుంది సార్. కానీ తల్లిపులి లేకపోతే పిల్లలు నిరాశపడతారు. కొనే తల్లిదండ్రులు కూడా పేజీ తక్కువైందనుకుంటారు. అదొక్కటి వేసి పంపండి, ముందుకు తీసుకెళ్తాను. పుస్తకం మీద మీ పేరుంటుంది."

కొనేవాళ్లు పేజీలు లెక్కపెడతారని నాకు తెలియదా? చీరకు గజాలు లెక్కపెట్టేవాళ్లను జీవితమంతా చూశాను. వెయ్యనని చెప్పాను. పదిహేను రోజులు ఆ మాట మీదే ఉన్నాను. ఈలోగా రెండోసారి జబ్బు ఊరి మీద పడింది. నాతో అట్టలు కొట్టిన ఇద్దరు ఒకే వారంలో పోయారు. నాకూ దగ్గు పట్టుకుంది. పుస్తకం మీద మీ పేరుంటుంది అన్న మాట చెవిలో మగ్గంలా కొట్టుకునేది. గదిలో పడుకుని, పోయేలోపల ఒక్క అట్ట మీదైనా నా పేరు చూసుకోవాలనుకున్నాను. దాచను, అదే అనుకున్నాను.

లేచి తల్లిపులిని గీశాను. ఈసారి తప్పు చెయ్యలేదు. మొహం పిల్ల వైపే. చారలు లెక్క ప్రకారం, కోరలు లెక్క ప్రకారం. పసుపు రంగు. నా చేతి నుంచి అంతకన్నా మంచి బొమ్మ ఎప్పుడూ రాలేదు. ఆరబెట్టి మనవరాలికి చూపించాను.

అది ఇటు చూసింది, అటు తిప్పి వెనక కూడా చూసింది.

"గింతేనా తాతా? సాడీ ఏది?"

ఆ బొమ్మనే పంపాం. జవాబు రాలేదు. రెండు నెలలాగి కొడుకు ఫోను చేస్తే ఎవరో మగగొంతు పలికింది. ఆ మేడమ్ ఇప్పుడు ఇక్కడ లేరనీ, ఆ పుస్తకాలు ఆపేశారనీ, బడులు లేవు కాబట్టి కొనేవాళ్లు లేరనీ చెప్పింది. తిట్టడానికి కూడా అక్కడ మనిషి లేడు.

ఇప్పుడు మగ్గాలు మళ్లీ తిరుగుతున్నాయి. పిల్ల బడికి పోతోంది. నా పన్నెండు అట్టలు, కాదు, పదమూడు, మంచం కింద రేకుపెట్టెలో ఉన్నాయి. మొన్న పెట్టె తుడుస్తూ, తెల్లకాగితం అట్ట బయటికి తీసి మనవరాలి ముందు పెట్టాను. పులితల్లి ఎట్లుండెనే అని అడిగాను. ఎర్రచీర అంటుందని నా ఆశ.

"యెల్లో ఉండె కదా తాతా," అంది, పుస్తకం లోంచి తల ఎత్తకుండా. "నువ్వే గీసినవ్."

తొమ్మిదేళ్ల వయసులో తెలియక చేశాను. డెబ్భై ఏళ్ల వయసులో తెలిసి చేశాను. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసేవాణ్ని కాలేకపోయాను. పటం తాత ముందే చెప్పాడు కావని. ఆయన చెప్పిన కారణం తప్పు. ఇంటిపేరును బట్టి చేతికి పనితనం రాదు, ఆ మాట మీద ఆయనతో ఇప్పటికీ పోట్లాడుతూనే ఉంటాను. కానీ ఆయన కర్ర తప్పు కాదు. గుంజ దాటి, గాలిలో, ఏమీ లేని చోట అది ఆగిన తీరు నా కళ్లలో అట్లాగే ఉంది. ఎర్రచీర కట్టుకున్న ఆ పెద్దపులి కూడా, పిల్ల మరిచిపోయాక, ఇప్పుడు నా దగ్గరే ఉంది. దాన్ని గీయమని ఎవరడిగినా గీయను. అడిగేవాళ్లూ ఎవరూ లేరు.